మారెన్న తువాలు కింది తాళం

ఆళ్లగడ్డ సంతలో బర్రెల దళారి మారెన్న ఏ అంకెనూ నోటితో పలికేవాడు కాదు. మా సంతల్లో బేరమంతా తువాలు కిందే. దళారులిద్దరూ చేతుల మీద గుడ్డ కప్పుకుని, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు కనిపించేది కనుబొమలే.

రెండువేల నాలుగులో ఆయన నంద్యాలలో సెల్లు కొన్నాడు. "దొంగలు ఎత్తకపోతాండారు. తాళం నంబరు పెట్టుకోప్పా. ఆపి తెరిస్తే అడుగుతాది" అన్నాడు అంగడాయన. మారెన్న తువాలు చాపాడు. అంగడాయన కూడా దళారుల ఇంట పుట్టినవాడే గనుక వేళ్లు పట్టుకుని నంబరు తీసుకున్నాడు. ఆ వెంటనే మరిచిపోతానని నరసింహస్వామి మీద ఒట్టు కూడా వేశాడు, పాపం.

ఆ సెల్లును మారెన్న గుడ్డసంచిలో పెట్టి మొలతాడుకు కట్టుకున్నాడు. అది మోగితే పంచె ఎత్తుకుని గోడ చాటుకు పరిగెత్తేవాడు. గోడ దొరికేలోపు సగం ఫోన్లు ఆగిపోయేవి.

కూతురు మమతను కాన్పుకు నంద్యాల ఆసుపత్రిలో చేర్చారు. కష్టమైన కాన్పు అన్నారు. భార్య ఈశ్వరిని అక్కడుంచి, బర్రెలకు మేత వేయడానికి మారెన్న ఆళ్లగడ్డ వచ్చాడు. తీరా చూస్తే సెల్లు చచ్చిపోయి ఉంది. బస్టాండు దగ్గర ఫోను బూతు నడిపే మహాలక్ష్మి దానికి చార్జింగు పెట్టి, ఆయనకు ఓ గ్లాసు టీ కూడా ఇచ్చింది. సెల్లు వెలిగి నంబరు అడిగింది.

మారెన్నకు నంబరు తెలుసు. మీటల మీది అంకెలు మాత్రం చదవలేడు.

"చెప్పన్నా, నేను కొడతా."

"ఇంతమందిలోనా?"

"బూతు నుంచి చేస్తా, అల్లుని నంబరన్నా చెప్పు."

"అది ఆ సెల్లులోనే ఉండాదమ్మా."

"పోనీ, నా చెవిలో చెప్పు."

"బస్టాండులో ఆడబిడ్డ చెవి కొరికేదా? ఏం మాటమ్మా అది!"

"ఆడ నీ బిడ్డ నొప్పులు పడతాంటే ఈడ నీకు దొంగలు కావల్సొచ్చిరా?"

మారెన్న ముఖం తెల్లబోయింది. స్వామి పంపినట్టే అప్పుడు యాకోబు బస్సు దిగాడు. ఇద్దరూ ఒకే సంతలో పోటీ దళారులు. లోకంలోని దొంగలందరికంటే మారెన్న భయపడింది యాకోబుకే. ఆ బస్టాండులో తన వేళ్లు చదవగలిగేవాడు అతనొక్కడే మరి.

మారెన్న తువాలు నలిపి నలిపి, చివరికి చాపాడు.

యాకోబు గుడ్డ కింద చేయి దూర్చాడు. వేళ్లు పట్టుకున్నాడు, తల ఊపాడు. తాను మాత్రం పైకి పలుకుతాడా? సెల్లును కూడా గుడ్డ కిందికి లాక్కుని, తల లోపల దూర్చి మీటలు నొక్కసాగాడు. జనం మూగారు.

"ఏందప్పా, బర్రె యాడ?"

"గుడ్డ కప్పినారంటే సూడిదేమో!"

"ఉస్సు! సూడిదే. ఈనుతాంది గమ్మునుండండి" అంది మహాలక్ష్మి.

తువాలు మోగింది. మారెన్న కూడా తల లోపల పెట్టాడు. ఆసుపత్రి పక్క బూతు నుంచి ఈశ్వరి అరుపు జనానికంతా వినబడింది.

"యాడ సచ్చినావయ్యా! ఆడబిడ్డ పుట్టె. తల్లీబిడ్డా బాగుండారు."

మారెన్న ఆ గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు. యాకోబు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"నంబరు నాకు తెలిసిపోయె కదప్పా. మార్చుకో."

"మారిస్తే మల్లా నీకే చెప్పల్ల. ఉండనీలే. నా బర్రెలకు ఇంత మేతేసి రా పో" అంటూ మారెన్న నంద్యాల బస్సెక్కాడు.