కౌజు పిలుపు

మొన్న మార్చిలో, పిట్టలు చూడటం కొత్తగా నేర్చుకునే పదిమందితో జూలూరుపాడు అడవికి వెళ్లాను. చూడాల్సిన పిట్టల జాబితాలో ఆరింటికి టిక్కు పెట్టాను. ఏడోది కౌజు. అది కనబడకపోయేసరికి గైడు ఫోనులో దాని కూత వినిపించాడు.

చిన్నప్పుడు నేను చెదపురుగులు మేపి ఒక కౌజును పెంచాను. ఒక పొద్దున మామ దాన్ని పంజరంతోనే పొదల్లో పెట్టాడు. అది కూసింది.

"ఏం చేస్తున్నది మామా?"

"దోస్తులను పిలుస్తున్నదిరా."

చుట్టూ పన్నిన ఉచ్చులు నేను చూడలేదు. మధ్యాహ్నం కూర తింటూ అడిగాను, "దోస్తులు వచ్చిండ్రా మామా?"

"వచ్చిండ్రు. నీ కడుపులనే ఉన్నరు" అని నవ్వాడు.

అప్పటికే నేను రెండోసారి వడ్డించుకున్నాను.

ఫోను కూతను నమ్మి కౌజు పరుగున వచ్చింది. అందరూ టిక్కు పెట్టారు. నా కాగితంలో ఏడో గడి ఖాళీగానే ఉంది.