పక్కింటి గడప దగ్గర ఇంగ్లీషు నేర్పిన టీచరమ్మ

మా టీచరమ్మ కరోనాతో పోయారని ఆవిడ కొడుకు మా పిల్లల క్లాసు ఫోన్ గ్రూపులో చెప్పాడు. ఆసుపత్రి నుంచే శ్మశానానికి తీసుకెళ్లిపోయారట. మగ్గాల పనికి మేం వలస వచ్చి ఉంటున్న ఈ పర్వత్ పాటియాలో మాకు రెండు వీధుల అవతలే ఆవిడ ఇల్లు. అయినా ఎవరమూ వెళ్లలేకపోయాం. దేవుడి ముందు దీపం పెట్టి, ఆవిడ గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆవిడ రైల్వే ఉద్యోగి భార్య, గుంటూరు వైపు మనిషి. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక మా మగ్గాల వాళ్ల పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు నేర్పేవారు. మొదటి లాక్‌డౌన్‌లో ఆ క్లాసు ఫోన్‌లోకి మారింది. ఆవిడ పాఠాలన్నీ పండుగలే. జపాన్‌లో పిల్లల పండుగకు గుడ్డ చేపలు ఎగరేస్తారని చెప్పిన మర్నాడు మా బిల్డింగ్ బాల్కనీల నిండా చీర ముక్కల చేపలు వేలాడాయి. పిల్లలు తప్పు మాట్లాడితే మధ్యలో ఆపేవారు కాదు. మొత్తం విని, అదే మాటను తాను సరిగ్గా చెప్పి, "నువ్వన్నది ఇదేగా?" అనేవారు.

ఆవిడకు ఒక నియమం ఉండేది. తన పండుగ గురించి ఎవరూ చెప్పకూడదు. ఇంకొకరి గడప దగ్గర నిలబడి అడిగి, ఐదు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పాలి. మూడో తరగతి చదివే నా మనవరాలికి కింది అంతస్తులో జరీ పని చేసేవాళ్ల రంజాన్ వచ్చింది.

నాకు మనసు ఒప్పలేదు. పైకి రోగం పేరు చెప్పాను కానీ, పిల్ల ఆ ఇంట్లో ఏం తింటుందో, ఏం నేర్చుకుంటుందోనని లోపల భయం. "నువ్వు పోకు బిడ్డా, నేను చెప్త రాస్కో" అన్నాను. శనివారం నేనుండే ఉపవాసమే వాళ్లదీ అనుకుని, పగలు అన్నం ముట్టరని, మధ్యాహ్నం చాయ్ తాగి రెండు అరటిపళ్లు తింటారని చెప్పాను.

పిల్ల అదే చదివింది. టీచరమ్మ నన్ను ఫోన్ దగ్గరికి పిలిచారు.

"ఏమ్మా, ఈ అరటిపళ్లు తినేది మీరేనా?"

"నేనే టీచరమ్మా. గా ఇంటికి పిల్లను పంపబుద్ధి కాలే."

"పంపకండి. మీరే వెళ్లి అడిగి రండి. నాకూ వినాలనుంది."

మాస్కు కట్టుకుని మెట్ల మీద నిలబడి అడిగాను. అంత ఎండలో మంచినీళ్లు కూడా ముట్టరని ఆ ఇంటావిడ చెబితే, నా శనివారం అరటిపళ్ల సంగతి నేను చెప్పాను. ఆమె హిందీలో తిరిగి అడిగింది, అన్నం వద్దన్న మీ దేవుడు అరటిపండుకు ఎలా ఒప్పుకున్నాడని. ముప్పై ఏళ్లుగా చేస్తున్న ఉపవాసం, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

టీచరమ్మకు చెబితే, "పుస్తకంలో చదివితే స్పెల్లింగ్ వస్తుంది. గడప దగ్గరైతే ఎదురు ప్రశ్న వస్తుంది" అన్నారు. అప్పటి నుంచి నేనూ మనవరాలి పక్కన కూర్చుని వినేదాన్ని. భూమికి విశ్రాంతి అని ఒడియా వాళ్లు మూడు రోజులు నాగలి ముట్టని పండుగ ఉందని అలాగే తెలిసింది. అయినా పిల్లను మాత్రం కింది ఇంటికి ఎప్పుడూ పంపలేదు. టీచరమ్మ కూడా ఒత్తిడి చేయలేదు. "మీకు అనిపించినప్పుడే" అన్నారు.

ఏడాది తిరిగి ఇప్పుడు మళ్లీ రంజాన్ నెల. కబురు తెలిసిన సాయంత్రం పిల్ల ఇంట్లో కనిపించలేదు. మెట్ల దగ్గరికి వస్తే, కింద ఆ గడప ముందు నిలబడి ఉంది. చనిపోయినవాళ్ల కోసం మీ ఇంట్లో ఏం చేస్తారని ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో అడుగుతోంది. వాళ్ల పేరు చెప్పి ఎవరికైనా తినడానికి పెడతాం, దేవుణ్ని వేడుకుని దువా చేస్తాం అంటోంది ఆ ఇంటావిడ. పిలవబోయి ఆగాను. పై మెట్టు మీద కూర్చున్నాను.

ఉపవాసం విడిచే వేళైంది, మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఆ ఇంటావిడ పళ్లెంలోంచి ఖర్జూరం తీసుకుని, ఇంకొకటి పిల్ల అరచేతిలో పెట్టింది. పిల్ల దాన్ని నోట్లో వేసుకోకుండా తలెత్తి నా వైపు చూసింది. నేను తలూపాను.