అటు చివర పట్టుకున్నదెవరు?

దెయ్యాలంటే నాకు నవ్వు. శ్మశానం పక్క గదిలో అద్దెకుండి హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయినవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. కాకపోతే ఒక పట్టపగలు జరిగిన సంగతి మాత్రం నా బుర్రకి అందలేదు.

రెండు వేల ఆరు ప్రాంతం. గుంటూరులో సర్వర్లు బిగించే పని నాది. నల్లపాడు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ వాళ్లు కొత్తగా కంప్యూటర్ గది కట్టించారు. నేనూ, నా దగ్గర పనిచేసే శ్రీనూ వెళ్లాం. సర్వర్లు పెట్టే ఇనప చట్రం, అదే రాక్‌ని నేలకి బోల్టులతో బిగించాం. బరువైన బ్యాటరీలు అడుగున పెట్టాం. నా పనికి వంక పెట్టినవాడు ఈ జిల్లాలో లేడు.

ఇక మిగిలింది పెద్ద సర్వర్. ఇద్దరు మోయాల్సిన బరువు. మా పనిలో ఒక కట్టుబాటుంది. చెయ్యి తీసేముందు "వదలనా?" అని అడగాలి. రెండోవాడు "పట్టుకున్నా" అనేదాకా వదలకూడదు. శ్రీను ఈ కట్టుబాటు తప్పడం నేనెన్నడూ చూడలేదు.

చెరో చివరా పట్టుకుని ఛాతీ ఎత్తుకి లేపాం. రాక్‌లో దాన్ని మోసే ఇనప పట్టాల మీదికి ఇంకా ఎక్కించలేదు.

"వదలనా అండీ?" అన్నాడు శ్రీను.

ఆగమనేలోపే చేతులు తీసేసి, సర్వర్ కిందికి వంగాడు. వాడి తల సరిగ్గా దాని అడుగునే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

సర్వర్ కదల్లేదు.

"ఇటు పట్టా ఊడి వేలాడుతోందండీ," అన్నాడు తాపీగా. దాన్ని బిగించి, లేచి, మళ్లీ పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి లోపలికి తోశాం.

అప్పుడు కోపమొచ్చింది నాకు. "ఒరేయ్, నేను సరే అనకుండా ఎలా వదిలావురా?"

"పట్టుకున్నానన్నాడు కదండీ."

"ఎవడ్రా?"

"నా పక్కనున్నాయన. మీరు పిలిపించిన హమాలీ కాదా?"

నేనెవర్నీ పిలిపించలేదు. తలుపు నాకెదురుగానే ఉంది, ఎవరూ రాలేదు. సర్వర్‌కి అటువైపు నాకు కనిపించింది తెల్ల గోడ ఒక్కటే.

పట్టా ఆపిందనుకుందామంటే అది ఊడిపోయి ఉంది. భయంతో నేనొక్కణ్ణే మోశానేమో అన్నారు కొందరు. ఇన్నేళ్లు బరువులెత్తిన చేతులివి, తేడా తెలీదా? శ్రీను వంగి లేచేదాకా నా చేతుల మీద ఉన్నది సగం బరువే.

వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ మిగతా సగమే గుర్తొస్తుంది. దాన్ని ఎవరు మోశారో ఇప్పటికీ చెప్పలేను.