నడక చూసి తాళం వేయమన్న మా టీచర్ గారు

మా టీచర్ గారు పోయారని మంగళవారం పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా తెలిసింది. వాళ్ళ అమ్మాయి రెండు ముక్కల్లో మెసేజ్ పెట్టింది: "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది. క్లాస్ వాళ్ళకి మీరే చెప్పండి." అప్పుడే కాల్‌లో నా వంతు వచ్చింది. నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేస్తానో చెప్పి, మ్యూట్ నొక్కి, గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా బరువెక్కింది, అంతే.

ఆవిడ నాకు సంగీతం నేర్పిన గురువు కాదు. పిల్లలకు సంగీతం ఎలా నేర్పాలో నాలాంటి వాళ్ళకు నేర్పినావిడ. అమెరికాలో మేముండే షాంటిలీలో ఒక హాల్ అద్దెకు తీసుకుని శనివారాలు పిల్లల సంగీతం క్లాస్ నడుపుతాం. నేర్పే ఎనిమిది మందిమీ వారమంతా ఉద్యోగాలు చేసి వచ్చేవాళ్ళమే. పిల్లలు రావడానికి గంట ముందు టీచర్ గారు మాకు ట్రైనింగ్ ఇచ్చేవారు.

గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో ఆవిడా అందరిలాగే పిల్లల్ని చాప మీద బాసింపట్టు వేయించి సరళీ స్వరాలు చెప్పారట. చాలా ఏళ్ళు అలాగే చెప్పారు. "ఎంతమంది మానేశారో లెక్క లేదమ్మా. తప్పు వాళ్ళదే అనుకున్నాను" అనేవారు. అరవై దగ్గర పడ్డాక, స్కూళ్ళలో మ్యూజిక్ చెప్పే టీచర్ల కోసం పెట్టిన సమ్మర్ కోర్సులో చేరారు. కూతురి వయసు వాళ్ళతో కలిసి గెంతి, నేల మీద దొర్లి, బంతి విసిరి పట్టుకుంటూ తాళం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆ తర్వాత పద్ధతే మారిపోయింది. ఆదితాళం చేతికి రాకముందే కాళ్ళకు రావాలి. స్వరం పైకి వెళ్తుంటే పిల్లలు లేవాలి, దిగుతుంటే వంగాలి. పాట చివర ఒక అడుగు వాళ్ళే సొంతంగా కల్పించాలి.

మేం అలసిపోయి వస్తామని ఆవిడకు తెలుసు. మొదటి పది నిమిషాలు ఏమీ చేయించేవారు కాదు. గోడకు ఆనుకుని కూర్చోమని, ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసిచ్చేవారు. "అలిసిన ఒళ్ళు పిల్లల మీద అరుస్తుంది. ముందు దాన్ని కాసేపు కూర్చోబెట్టండి."

ఒక శనివారం నేను కూర్చోలేదు. మా టీమ్‌లో లేఆఫ్‌లు అయిన వారం అది. నా ఉద్యోగం మిగిలింది, పోయిన ఇద్దరి పనీ నెత్తిన పడింది. వీసా సంగతి తలుచుకుంటే అన్నం సహించేది కాదు. ఆలస్యంగా వెళ్ళి నేరుగా పిల్లల ముందు నిలబడ్డాను. నేను డప్పు కొడుతుంటే అందరూ నడుస్తున్నారు, ఆరేళ్ళ పాప ఒకతి మాత్రం పరిగెడుతోంది. మూడుసార్లు ఆపాను. నాలుగోసారి అరిచాను.

"ఆగలేకపోతే బయటికి పో!"

పాప బిక్కచచ్చిపోయింది. "నా కాళ్ళు ఆగదు, ఆంటీ" అంది వచ్చీరాని తెలుగులో. తర్వాతి శనివారం రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు.

నేనే మానేద్దామనుకుని టీచర్ గారికి ఫోన్ చేశాను. మాది కరీంనగర్, బాధలో ఉన్నప్పుడు నాకు ఇంటి మాటే వస్తుంది. "నాతోని అయితలేదు టీచర్ గారూ. వారమంతా ఆ కొలువు, శనివారం ఈ పిల్లలు. ఇగ నేను రాను."

"సరేనమ్మా, మానేద్దువుగాని. ఒకసారి ఇంటికి రా."

వెళ్ళాను. ఉప్మా పెట్టారు. తర్వాత, "ఆ పిల్ల ఎలా నడుస్తుందో నడిచి చూపించు" అన్నారు.

లేచి రెండడుగులు వేసి ఆగిపోయాను. ఏడాదిగా నా క్లాస్‌కి వస్తున్న పిల్ల. ఎలా నడుస్తుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

అప్పుడు ఆవిడే లేచారు. ఆపరేషన్ అయిన మోకాలితోనే, మునివేళ్ళ మీద కొంచెం ముందుకు ఒరిగి, చిన్న చిన్న అడుగులతో వంటింటి దాకా వెళ్ళివచ్చారు. అచ్చం ఆ పాపే.

"చూశావా? నువ్వు కొట్టే డప్పు దాని నడకలో సగం వేగమే. అంత నిదానంగా దానికి నడవడం రాదు, అందుకని పరిగెడుతుంది. ముందు దాని నడకకి నువ్వు కొట్టు. తర్వాత నీ డప్పుకి అది నడుస్తుంది." కుర్చీలో కూలబడి మోకాలు ఒత్తుకున్నారు. "నాకు మాత్రం ఓపికుందా? ఓపిక వచ్చాక చేద్దామంటే ఎవరమూ ఏమీ చేయలేమమ్మా."

అక్కడి నుంచే పాప వాళ్ళింటికి డ్రైవ్ చేశాను. వాళ్ళమ్మ తలుపు పూర్తిగా తీయలేదు. "తనకి రావాలని లేదండీ" అంది. సారీ చెప్పడానికే వచ్చానన్నాను. సోఫా వెనక నుంచి పాప చూస్తోంది. నేను నేల మీద కూర్చున్నాను.

"సారీరా. నీ ఇష్టం వచ్చినట్టు నడువు. నేను నీతో పాటు కొడతాను."

"ఎంత ఫాస్ట్ అయినా?"

"ఎంత ఫాస్ట్ అయినా."

డైనింగ్ టేబుల్ చుట్టూ తిరిగింది. అరచేతులు ఎర్రబడేదాకా నేల మీద కొట్టాను. రెండు వారాల తర్వాత క్లాస్‌కి వచ్చింది. ఇప్పటికీ పరిగెడుతుంది. కొన్నిసార్లు నడుస్తుంది.

పోయినేడు టీచర్ గారు ట్రైనింగ్ నాకు అప్పగించి, పక్కన కుర్చీ వేసుకుని చూస్తుండేవారు. నేను ఉపన్యాసంలోకి జారితే, "మాటలు తగ్గించు, కాళ్ళకి తెలుగు రాదు" అనేవారు. ఇప్పుడు అలా అనేవాళ్ళు లేరు. ఎక్కువ మాట్లాడుతున్నానని నాకే తెలుస్తోంది, ఆపడానికి మాత్రం శక్తి చాలడం లేదు.

ఆవిడ పోయిన ఆ వారమే, గురువారం లంచ్ టైమ్‌లో, ఆవిడను చివరి చూపుకి ఉంచిన ఫ్యునరల్ హోమ్‌కి వెళ్ళాను. చాలామంది ఆఫీసుల నుంచే వచ్చారు, మెడల్లో బ్యాడ్జీలు అలాగే ఉన్నాయి. ఎప్పుడో పాట మానేసిన పెద్ద పిల్లలూ వచ్చారు. ఒక్కొక్కరే ఆవిడ ముందు నుంచి నడిచి వెళ్ళారు. కింద మెత్తటి, మందపాటి కార్పెట్. అంతమంది నడుస్తున్నా ఒక్కరి అడుగు కూడా వినిపించలేదు.