ఇప్పచెట్టు కింద వల

అంబదాస్‌కు కాలు ఒకచోట నిలవదు. ఆరేళ్ళు మస్కట్‌లో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చినవాడు, ఇంటిపట్టున పత్తి చేను చూసుకుంటూ ఉండొచ్చు కదా? ఉండడు. అన్నం తింటూ తింటూ లేచి వాకిలిదాకా పోయి వస్తాడు. "నీకు కంచం దండుగ. చేతుల రొట్టె వెడితే నడుసుకుంటనే తింటవు" అని భార్య నర్మద దెప్పుతూ ఉంటుంది. అలాంటి మనిషికి చివరికి తగిన కొలువే దొరికింది. అడవిలో నడవాలి, పిట్టలను లెక్కపెట్టాలి!

కొలువిచ్చింది పద్మలత. ఆమె కరీంనగర్‌లో కాలేజీ లెక్చరర్, పిట్టల మీద పరిశోధన చేస్తోంది. మనుషులు అడవిని వాడుకునే తీరును బట్టి ఏ పిట్ట ఎక్కడ ఉంటోంది, ఎక్కడినుంచి వెళ్ళిపోతోంది, అదీ ఆమెకు తెలియాల్సింది. ఖానాపూర్ దాటాక అడవి అంచున ఉన్న అంబదాస్ ఊరి చుట్టూ మూడు దారులు ఎంచింది. ఒకటి పత్తి చేల వెంబడి, ఒకటి టేకు తోటలోంచి, ఒకటి పాత అడవిలోంచి. పొద్దున్నే ఆ దారుల్లో నడిచి, కనబడిన పిట్టనల్లా కాగితం మీద రాయాలి. గూళ్ళ దగ్గరికి మాత్రం పోకూడదు. రెండేళ్ళుగా అంబదాస్ ఇదే పని మీదున్నాడు.

ఈ రెండేళ్ళలో అతనికి బాగా మనసైంది పెద్దముక్కు పిట్ట. బూడిద రంగు ఒళ్ళు, కొడవలిలా వంగిన ముక్కు, దానిమీద చిన్న కొమ్ము. టేకు తోటలో అది మచ్చుకు కూడా కనబడదు. దానికి గూడంటే తొర్రే, తొర్ర కావాలంటే ముసలి చెట్టు కావాలి. పాత అడవిలో కూడా ఇళ్ళకనీ పొయ్యిలకనీ కొట్టగా కొట్టగా మిగిలిన ముసలి చెట్లు చాలావరకు ఇప్పచెట్లే. ఎందుకంటే ఆ ఊళ్ళో ఇప్పచెట్టు ఊరికే చెట్టు కాదు, ఫలానా వాళ్ళది. కాగితం లేదు, కంచె లేదు. అయినా ఇది పోశవ్వ వాళ్ళ చెట్టు, అది రాజం వాళ్ళ చెట్టు. ఒకరి చెట్టు కింద పువ్వును ఇంకొకరు ముట్టరు. ఇక గొడ్డలి ఎత్తే మాటెక్కడిది? పువ్వు కోసం మనుషులు కాపాడుకున్న చెట్లలోనే ఆ పిట్ట బతుకుతోందని తెలిసిన రోజు అంబదాస్ ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు.

అయితే ఆ మనుషులే ఇంకో పని కూడా చేస్తారు. పువ్వు రాలే కాలం రాగానే చెట్టు కింద ఎండుటాకు తగలబెడతారు. నేల నున్నగా ఉంటే పువ్వు ఏరడం సులువు మరి. సరిగ్గా అదే కాలంలో ఆడపిట్ట తొర్రలో దూరి, మట్టీ రెట్టా మెత్తి వాకిలి మూసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు వదులుతుంది, అంతే. లోపల రెక్కల ఈకలు రాల్చేసుకుని గుడ్లు పొదుగుతుంది. ఇక ఎగరలేదు. మగపిట్ట పండో పురుగో తెచ్చి ఆ సందులోంచి అందిస్తేనే దానికి తిండి. నిరుడు ఒక చెట్టు కింద పెట్టిన మంట తొర్రదాకా పాకింది. ఆ చుట్టూ మగపిట్ట అరుస్తూ తిరగడం అంబదాస్ కళ్ళారా చూశాడు. వారం రోజులు ముద్ద దిగలేదతనికి.

అందుకే ఈ ఏడు ఖానాపూర్ పోయి ఆకుపచ్చ వలలు తెచ్చాడు. చెట్టు చుట్టూ గుంజలు పాతి, నడుమెత్తున వల కడితే పువ్వు అందులోనే పడుతుంది, ఆకు కాల్చే పనే ఉండదు. ఊళ్ళో పన్నెండు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ పన్నెండు చెట్లలో నాలుగింటికి గూళ్ళున్నాయి. అందులో ఒకటి అతని అక్క గంగుబాయిది. కాలిబాట పక్కనే ఉంటుంది కనుక తొర్ర దారినుంచే కనబడుతుంది. మిగతా మూడూ దారికి దూరంగా, లోపలెక్కడో ఉన్నాయి.

అక్క చెట్టుకు వల కట్టిన మర్నాడు మగపిట్ట రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అంబదాస్ కాలుగాలిన పిల్లి అయ్యాడు. ఊళ్ళోకి, అడవిలోకి, మళ్ళీ ఊళ్ళోకి. పాత అడవి దారిలో ఈ పిట్టలు తగ్గుతున్నాయని కాగితం కొన్నాళ్ళుగా చెబుతూనే ఉంది. ఎండలకు నీళ్ళ దిక్కు పోయి ఉంటాయని అతనే సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు మనసు పీకుతోంది. పద్మలతకు ఫోన్ చేస్తే, "ఊహించకండి అంబదాస్ గారూ. దూరంగా కూర్చుని చూడండి" అంది.

కూర్చోవడం! అతనికి రానిదే అది. అయినా మూడోనాడు పొద్దున్నే పొద చాటున పళ్ళు బిగించి కూర్చున్నాడు. కాసేపటికి మగపిట్ట వచ్చింది. ముక్కున మేడిపండు ఉంది. చెట్టుదాకా వచ్చి, కింద గాలికి వల రెపరెపలాడగానే గిరుక్కున తిరిగి దూరంగా మద్దిచెట్టు మీద వాలింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తిరిగింది. నాలుగోసారి పండుతోనే ఎటో వెళ్ళిపోయింది.

గంప పట్టుకుని పువ్వుకు వచ్చిన గంగుబాయికి అంబదాస్ ఎదురుపోయాడు.

"అక్కా, వల ఇప్పెయ్యాలె."

"ఏంది?"

"వలకు బెదిరి మొగపిట్ట వస్తలేదే. లోపటిదానికి మూడొద్దుల సంది తిండి లేదు."

గంగుబాయి గంపను ఠపీమని కింద పెట్టింది. "వారీ! మొన్న ఆకు కాల్వద్దంటివి. వల కట్టుకోవే, పువ్వుకు మట్టి గూడ అంటదంటివి. కట్టిచ్చుకుంటి. గిప్పుడు వల గూడ వద్దా? రేపొచ్చి పువ్వే వద్దంటవు!"

"తప్పు నాదేనే."

"నీదిగాక నాదా? పిట్ట కోసం ఏడ్వనీకి నువ్వున్నవు. నా పువ్వు ఆకులల్ల పడి కరాబైతే ఎవలేడుస్తరు?"

గంగుబాయి తొర్రవైపు చూసింది. "ఎన్నొద్దులుంటది లోపట?"

"ఇంకో నెల."

"అన్నొద్దులు మొగడు తెస్తేనేనా?"

"తెస్తేనే."

గంగుబాయి భర్త లక్ష్మణ్ దుబాయ్ పోయిన కొత్తలో మూడు నెలలు ఫోన్ లేదు, పైసా లేదు. ఇంట్లో గింజలు నిండుకున్నాయని బయటికి చెప్పుకోలేక, పిల్లలకు పెట్టి తను మంచినీళ్ళు తాగి పడుకున్న రోజులవి. తమ్ముడికి కూడా చెప్పలేదు. ఆమె నడుముకున్న కొడవలి తీసి వల తాడు తెగకోసింది.

ఇద్దరూ పొద చాటుకు చేరారు. పువ్వు ఎండుటాకుల్లోకి టపటపా రాలుతోంది. అది చూస్తూ గంగుబాయి తమ్ముణ్ణి తిడుతూనే ఉంది, కాకపోతే గొంతు తగ్గించి. పొద్దు నడినెత్తికొచ్చాక మగపిట్ట వచ్చింది. కొమ్మ కొమ్మా దిగి తొర్రను పట్టుకుంది. పండును సందు దగ్గర పెట్టింది. లోపలినుంచి ఏమీ రాలేదు. కాసేపాగి మళ్ళీ పెట్టింది. ఏమీ రాలేదు. అంబదాస్ అక్క చెయ్యి పట్టుకున్నాడు. మూడోసారికి సందులోంచి ముక్కు కొస మెల్లగా, వణుకుతూ బయటికొచ్చి పండు అందుకుంది.

"తిను తల్లీ, తిను" అంటూ గంగుబాయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అంబదాస్‌కు ప్రాణం లేచివచ్చింది, నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

కొంగు దించాక గంగుబాయి అడిగింది. "తమ్మీ, కడమ మూడు గూళ్ళ చెట్లకు వలలు ఎప్పుడు గట్టినవు?"

అంబదాస్ లేచి నిలబడ్డాడు. "నీదే అందరికంటె ఎనుక. నువ్వు కయ్యం పెట్టుకుంటివి గద. వాళ్ళు చెప్పంగనే కట్టిచ్చుకున్నరు."

"ఎన్నొద్దులాయె?"

"పదిహేను."

గంగుబాయి గంపనూ పువ్వునూ అక్కడే వదిలేసింది. ఇద్దరూ ముళ్ళూ పొదలూ చూడకుండా పరుగెత్తారు. ముందు వచ్చింది పోశవ్వ చెట్టు. పొద్దున పోశవ్వ ఏరుకుపోయాక రాలిన పువ్వు వల మీద పసుపుపచ్చగా ఉంది. మగపిట్ట ఎక్కడా లేదు. తొర్ర సందులోకి చీమలు బారుతీరి పోతున్నాయి.

అంబదాస్ చెట్టు మొదట్లోనే కూలబడ్డాడు. గంగుబాయి తాడు కోసి వల కిందికి లాగింది. తర్వాత వచ్చి తమ్ముడి రెక్క పట్టుకుంది.

"లే తమ్మీ. ఇంక రెండున్నయి."