ముళ్లతీగకు అవతల ఇరవై అడుగులు

ఎనభైల మొదట్లో ఒక వేసవి. మతకల్లోలం ఆపడానికి పొద్దున ఆరింటికి మా ఆర్మీ సెక్షన్‌ను శాలిబండలో దింపారు. పదిమందిమి. రోడ్డంతా రాళ్లు, గాజు పెంకులు, కాలిన టైర్ల వాసన. సరిహద్దులో రెండేళ్లు చేసి వచ్చాను. పుట్టింది మాత్రం ఈ పట్నంలోనే, కార్వాన్‌లో. సొంత ఊళ్లో రైఫిల్ పట్టుకుని నిలబడతానని ఎన్నడూ అనుకోలేదు.

రోడ్డుకు అడ్డంగా ముళ్లతీగ వేశాం. ఇటొక బస్తీ, అటొక బస్తీ. కర్ఫ్యూ సడలింపు మూడు నుంచి ఐదు వరకు. అప్పుడే తీగ జరపాలి.

తీగకు అవతల మూడో ఇల్లు డేవిడ్ అన్న వాళ్లది. టెలిఫోన్ లైన్‌మన్. కొట్టుకుంటున్న రెండు మతాల్లోనూ లేనివాడు. నాది కార్వాన్ అని తెలిశాక రోజూ వచ్చి మాట్లాడేవాడు.

ఐదో రోజు సడలింపులో భార్య ఉబ్బసం మందు కోసం ఇటువైపు వచ్చాడు. మూడూ ముప్పావుకు వైర్‌లెస్ మోగింది.

"సడలింపు రద్దు. తీగ మూసెయ్యండి. ఎవర్నీ దాటనివ్వొద్దు. రోడ్డు మీద ఎవరూ ఉండొద్దు."

నాలుగింటికి ఆయన వచ్చాడు.

"తమ్మీ, గదే నా ఇల్లు. ఇర్వై అడుగులు."

హవల్దార్ తల అడ్డంగా ఊపాడు. "వెనక గల్లీ నుంచి పొమ్మను."

"గా గల్లీల జనం జమైన్రట తమ్మీ."

"నా చేతుల ఏం లేదన్నా," అన్నాను.

జేబులోంచి మందు సీసా తీశాడు. "సరే. నువ్వు మాత్రం ఏం జేస్తవ్. గీ మందన్న మీ వదినకియ్యి."

అవతల తీగ దగ్గరికి వచ్చిన ఆయన భార్యకు సీసా తీగ మీదుగా అందించాను. ఆయన గల్లీలోకి వెళ్లాడు.

ఐదూ పదికి గల్లీ మలుపులో కత్తిపోట్లతో శవం ఉందన్నారు. వెళ్లి గుర్తుపట్టింది నేనే. "ఏ వర్గం?" అని వైర్‌లెస్‌లో అడిగారు. రెండూ కాదన్నాను.

"రెండిట్లో ఏదో ఒకటి చెప్పు."

పదకొండో రోజు ట్రక్కెక్కాం. తర్వాత సెలవు మీద ఇంటికి వెళ్తే బాపు అన్నాడు: "మన చేతుల లేనిదానికి ఫికర్ జెయ్యొద్దు బిడ్డా." చాలావాటికి ఆ మాట సరిపోయింది. కత్తులు నా చేతిలో లేవు. ఆర్డర్ నా చేతిలో లేదు. తీగ మాత్రం నా చేతిలోనే ఉంది.

ఆ ఐదో రోజు సాయంత్రం ఐదింటికి, శవం కబురు ఇంకా రాకముందు, డేవిడ్ అన్న భార్య చాయ్ గ్లాసుతో తీగ దగ్గరికి వచ్చింది.

"మందు తాగినంక దమ్ము తగ్గింది తమ్మీ. మీ అన్న సుట్టు తిరిగి వచ్చేదాంక నువ్వన్న తాగు."

కొంగు ముళ్లకు తగలకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గ్లాసు అందించింది. నేను తాగుతున్నంతసేపూ గల్లీ వైపే చూస్తూ నిలబడింది.