అందరికీ చూపించే అలవాటు

మా హేతువాద సంఘానికి ఒక అలవాటుంది. మోసం కనబడితే దాన్ని తెచ్చి పదిమంది ముందు పెట్టడం. వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో బడి ముందర బల్ల వేసుకుని, బాబాలు గాలిలోంచి విబూది ఎలా తీస్తారో, మండుతున్న కర్పూరాన్ని నాలుక మీద ఎలా పెట్టుకుంటారో చేసి చూపించేవాళ్లం. దాచినంత కాలం మోసం బతికి ఉంటుందనీ, బయట పెట్టగానే చచ్చిపోతుందనీ మా నమ్మకం. నమ్మకం అన్న మాట తెలిసే రాస్తున్నాను. ఎదుటివాళ్ల నమ్మకాలన్నిటికీ పరీక్ష పెట్టిన మేము ఈ ఒక్కదానికి ఎన్నడూ పెట్టలేదు.

ఒక పొద్దున కొత్తకోట బస్టాండు దగ్గర టీ తాగుతూ ఫోను తెరిచాను. సంఘంలో అందరికంటే పెద్దవాడు, లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయన, మా గ్రూపులో ఒక వీడియో పెట్టి ఉన్నాడు. కింద రాసిన మాటలు చదివితేనే అందులో ఏముందో అర్థమైంది. ఒక చిన్నపిల్ల మీద ఎవడో చేసిన అఘాయిత్యం. ‘ఈ పశువు దొరికేదాకా అందరికీ పంపండి’ అని మాస్టారు రాశాడు. నేను దాన్ని తెరవలేదు. మావాళ్లు మాత్రం అప్పటికే కోపం ముఖాలు, ఏడుపు ముఖాలు వరసగా పెట్టేశారు. ‘మా ఊరి గ్రూపులన్నిట్ల పెట్టిన సార్’ అని ఒకరిద్దరు గర్వంగా జవాబు కూడా ఇచ్చారు.

టీ అక్కడే వదిలేసి మాస్టారుకు ఫోన్ చేశాను.

“అన్నా, అది ముందు తీసెయ్.”

“ఎందుకు తియ్యాలె? వాడు దొరకొద్దా?”

“వాడు దొరుకుడేమో గాని, నువ్వు ఆ పిల్లను ఊరూరికీ తిప్పుతున్నవ్. గసొంటిది పంపుడు నేరం. ఫోన్ల ఉంచుకునుడూ నేరమే.”

“దొంగను పట్టిద్దామన్నోడు దొంగనా? ఇదేం తర్కం చెల్లె?”

“పట్టియ్యాలంటే రిపోర్టు చెయ్. వాట్సాప్ కంపెనీకి చెయ్, సర్కారుకు చెయ్.”

ఆయన నవ్వాడు. “గుళ్లె హుండీల చీటీ ఏసినట్టే అది. ఎవడు సదువుతడు? బాబాల గుట్టు రిపోర్టు చేసి రట్టు చేసినమా మనం? అందరికీ చూపెట్టి చేసినం.”

“బాబా చెయ్యి చూపెట్టినం. పిల్లను చూపెట్టలె.”

“నువ్వు మాటకారివి,” అన్నాడు.

వీడియో తీసేయకపోతే ఆయన మీద మొదటి ఫిర్యాదు నాదే అవుతుందని చెప్పాను. అప్పుడు తీశాడు. అదీ మా ఒక్క గ్రూపులోంచే. తీసి, ‘మన చెల్లెమ్మ భయపడుతున్నది’ అని కింద ఒక ముక్క రాశాడు. మావాళ్లు దానికీ నవ్వు ముఖాలు పెట్టారు.

ఆ నవ్వులను మరిచిపోయే ఉద్దేశం నాకు లేదు. ఫిర్యాదు చేస్తే ఏమీ కాదన్న మాటను ఆ రోజుల్లో చాలా నోళ్ల నుంచి విన్నాను. వాళ్లలో ఒక్కడూ ఫిర్యాదు చేసి చూసినవాడు కాడు. తాయెత్తు కట్టుకున్న మనిషిని ‘ఏం రుజువుంది నీ దగ్గర’ అని నిలదీసే నోరు, ‘ఏమీ కాదు’ అనడానికి రుజువెందుకు వెతకలేదు? చేతగానితనానికి మంత్రం అక్కర్లేదు, ఆ రెండు మాటలు చాలు. పైగా తాయెత్తు కట్టుకున్నవాడి వల్ల పక్కవాడికి నష్టం లేదు. వీళ్లు ఆ రెండు మాటలు జపిస్తూ ఒక పిల్ల బొమ్మను పంచిపెట్టారు.

ఆ మధ్యాహ్నమే వనపర్తిలో మాస్టారు ఇంటికి వెళ్లాను. వీడియో ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగాను. గద్వాల వైపు సీడు పత్తి రైతుల గ్రూపొకటి ఉంది, విత్తనాల కోసం పత్తి పండించేవాళ్లది. ఒక పాత శిష్యుడు ఆయన్ను అందులో చేర్చాడు. వీడియోను అందులో మొదట పెట్టిన నంబరు, పెట్టిన వేళ, గ్రూపు పేరు ఇంకా ఆయన ఫోనులో కనబడుతూనే ఉన్నాయి. వీడియో తెరవకుండా ఆ మూడూ రాసుకున్నాను.

“రాస్కో,” అన్నాడు మాస్టారు, సోఫాలో వెనక్కి వాలి. “రాసి హుండీల ఏయ్.”

ముందు ఒక ఠాణాకు వెళ్లాను. బల్ల వెనకాల ఉన్న కానిస్టేబులు నేను చెప్పేదంతా విని, “మేడం, ఆ వీడియో జర నా వాట్సాప్‌కు కొట్టుండ్రి, చూస్తం” అన్నాడు. పంపితే నేనూ నేరం చేసినదాన్నవుతానని చెప్పాను. “మరి చూడకుండ మేమేం చెయ్యాలె?” అన్నాడు. చూడాల్సినవాళ్లు చూసే పద్ధతి వేరే ఉందని అతనికి ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఎక్కలేదో. లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి, ఇలాంటి ఫిర్యాదుల కోసం సర్కారు పెట్టిన వెబ్‌సైటులో నంబరు, వేళ, గ్రూపు పేరు రాశాను. అందులో పేరు చెప్పకుండా రాసే దారి ఒకటుంది. ఠాణాలో ఆ మర్యాద చూసిన తర్వాత నా పేరు ఎవరి బల్ల మీదా పడి ఉండనక్కర్లేదనిపించి ఆ దారే పట్టాను. దానికి ఒక లోపముంది. ఫిర్యాదు ఎంతదాకా వచ్చిందని తర్వాత అడగడానికి వీలుండదు. ఆ కంపెనీ వాళ్లకూ రిపోర్టు కొట్టాను. ఒకసారి పట్టుబడిన వీడియోకు వేలిముద్రలాంటిది తీసి ఉంచుకుంటారనీ, అదే నకలును ఎవరైనా మళ్లీ ఎక్కిస్తే యంత్రం గుర్తుపడుతుందనీ చదివాను. అన్ని చోట్లా గుర్తుపట్టదనీ చదివాను. రెండూ నిజమే.

తర్వాత ఎక్కడి నుంచీ కబురు లేదు. సంఘం సమావేశానికి వెళ్లినప్పుడల్లా మాస్టారు అందరిలో అడిగేవాడు.

“ఏమన్నడమ్మా నీ దేవుడు? ప్రసాదం పంపిండా?”

మావాళ్లు నవ్వేవాళ్లు. నా దగ్గర జవాబు లేకపోవడం వాళ్లకు రుజువుగా సరిపోయింది.

పత్తి పూతకు వచ్చిన రోజుల్లో ఒకామె నన్ను వెతుక్కుంటూ వనపర్తికి వచ్చింది. గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగుకు పోయే కూలి మనిషి. మగపూల పుప్పొడిని ఆడపూలకు అద్దే పని అది, పొద్దున్నే వంగితే ఎండెక్కేదాకా నడుమెత్తేది ఉండదు. ఆమెను చూడగానే గుర్తుపట్టాను. చాలా కాలం కింద వాళ్ల ఊరి బడి ముందు మేము కర్పూరం వెలిగించినప్పుడు, నాలుక మీద పెట్టుకుంటానని ముందుకొచ్చిన ఒకే ఒక్క ఆడమనిషి. కాలలేదని ఊరందరికీ నాలుక బయటపెట్టి చూపించింది.

కుర్చీ వేస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడే చెప్పింది. బడికి పోయే కూతురు. ఆ పిల్ల మీద అఘాయిత్యం చేసినవాడు ఆమె కూలికి పోయే చేను ఆసామి. పిల్ల చెప్పుకోలేదు. దుకాణం దగ్గర మగవాళ్లు ఫోను చూసి పిల్ల వంక చూడడం మొదలైనాక, వదినె వచ్చి చెవిలో చెప్పిందట. వింటూ ఉండగానే నేను రాసిన ఫిర్యాదు ఏ పిల్ల గురించో నాకు తెలిసిపోయింది.

“ఇల్లు దాటుతలేదు మేడం. ఫోను వట్టుకున్నోడు ఎవడు కనబడ్డా నన్నే చూస్తుండు అంటది. తాత ఫోన్ ఎత్తినా లోపలికి ఉరుకుతది. ఫిర్యాదు ఇస్తే ఏమైతది? నా కూలి పోతది, అది ఎర్కే. ఇంకేమన్న ఐతదా? నా బిడ్డ మల్ల బడికి పోతదా? గంత చెప్పు నాకు.”

నేను జవాబు చెప్పేలోపే మాస్టారు వచ్చాడు. సంఘం కరపత్రాల కట్ట ఇచ్చిపోదామని వచ్చినవాడు, ఫిర్యాదు అన్న మాట చెవిన పడి ఆగాడు. కర్పూరం నాటి మనిషిగా ఆమెను గుర్తుపట్టాడు గాని, ఎవరి తల్లో ఆయనకు తెలియదు.

“ఫిర్యాదులతోని ఏం గాదమ్మా,” అన్నాడు చెప్పులు విడుస్తూ. “మొన్న గట్లనే మీ దిక్కుదే ఒక పిల్లది వచ్చింది. ఈ చెల్లె రిపోర్టు కొట్టింది, నేను దేశమంత పంపిన. ఆ లంగ దొరకాలని పంపిన. మీ ఊరి బడి పంతులు నా శిష్యుడే, ఆయనకు గూడ పంపిన.”

నేను ఆపేలోపే అంతా అనేశాడు.

ఆమె గోడ నుంచి వెన్ను తీసింది. “పంతులు తానకెల్లే మా వాడకొచ్చింది సార్.”

“ఏంది?”

“మా వాడోల్లకు పంతులు పంపిండు. మంచికే పంపిన అన్నడు. ఎవలు పంపిండ్రు సార్ నీకు అంటే, పెద్ద సారు పంపిండు అన్నడు.” ఆమె గొంతు పెరగలేదు. “ఆ పిల్ల నా బిడ్డ.”

మాస్టారు కరపత్రాల కట్టను ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

“పంపేముందు మీరు చూసిండ్రా సార్?” అని అడిగింది.

ఆయన కట్టను గుమ్మం పక్కన నేల మీద పెట్టాడు.

“చూసే ఉంటరు. చూడకుండ ఎట్ల పంపుతరు,” అని ఆమే అంది. తర్వాత నా వైపు తిరిగింది. “మీరొచ్చి అందరికీ చూపియ్యాలె అన్నరు గద మేడం ఆనాడు. నా నాలిక నేనే చూపించిన. నా బిడ్డను గూడ చూపిస్తరనుకోలె.”

మాస్టారు చెప్పులు వేసుకోకుండా చేతబట్టుకుని వెళ్లాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు. మంచి ఉద్దేశం అన్నది ఆ పిల్లకు ఎక్కడ అంటింది?

ఆమె అడిగినదానికి అప్పుడు జవాబు చెప్పాను. ఫిర్యాదు ఇస్తే వీడియో అన్ని ఫోన్లలోంచీ పోతుందని చెప్పలేను. పిల్ల పేరు, ఊరు పేరు ఎవరూ బయట పెట్టకూడదని చట్టముంది. ఆ ఆసామి మీ వాడ దిక్కు తిరగకుండా చేయవచ్చు. అది కూడా మీరు నోరు విప్పితేనే.

“అబద్ధం చెప్తలేవ్ గద,” అంది.

“లేదు.”

“అయితే పోదాం పా.”

ఈసారి గద్వాల వైపు ఠాణాకు వెళ్లాం. కేసు ఒక మహిళా అధికారి చేతికి వచ్చింది. ఆమె యూనిఫాం లేకుండా, మామూలు చీరలో వాళ్లింటికే వచ్చి పిల్లతో మాట్లాడింది. ఆసామిని పిలిస్తే ఫోను తెచ్చి బల్ల మీద పెట్టి, “నా ఫోన్ల ఏమన్న ఉంటే చూసుకోండ్రి. కూలి పెంచమంటే పెంచలేదని గీమె నా మీద మోపుతుంది” అన్నాడట. ఫోనులో నిజంగానే ఏమీ లేదు. అన్నీ తుడిచి పెట్టాడు. గ్రూపులోంచి కూడా తీసేశాడు.

తర్వాత ఆ అధికారి మాతో అంది: “వాడి మాట మీద ఈమె మాట అయ్యేది. కానీ ఈమె రాకముందే ఎవరో పేరు లేకుండ రాసి పెట్టిండ్రు. నంబరు, వేళ, గ్రూపు, అన్నీ ఉన్నయి. ఆ నంబరు వీడిదే. అది వట్టుకొనే కంపెనీని అడిగినం. వాడు తుడిచింది వాడి ఫోన్లనే.”

అది రాసింది నేనేనని చెప్పలేదు. పిల్ల తల్లి మాత్రం నా వంక ఒకసారి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ ఫిర్యాదు ఒక్కటే ఉన్నన్నాళ్లూ అది ఎవరి బిడ్డ గురించో తెలియని కాగితం. ఈమె ఒక్కతే వచ్చి ఉంటే రుజువు లేని కూలిమనిషి. ఆసామిని తీసుకుపోయారు.

మాస్టారు కొన్నాళ్లు సంఘానికి రాలేదు. ఒకనాడు మా ఇంటికి వచ్చి, అడగకముందే చెప్పాడు. తాను పంపిన ప్రతివాడికీ ఫోన్ చేసి తీసేయమన్నాడట.

“నవ్వుతున్నరు చెల్లె. మీరే పంపిండ్రు, మీరే తియ్యమంటరేంది సార్ అంటుండ్రు. వాళ్లు ఇంకెవలకో పంపిండ్రు. వాళ్లు ఇంకెవలకో. లెక్క అందుతలేదు.”

“అందదన్నా.”

ఫోను నా ముందు పెట్టాడు. “వీడియో ఉన్న గ్రూపులు ఇంక కొన్ని తెల్సినయి. యాడ నొక్కాలె?”

చూపించాను. రిపోర్టు కొట్టి, ఆ గ్రూపుల్లోంచి బయటికి వచ్చి, ఫోనులో ఉన్నవన్నీ తీసేశాడు. కొన్నాళ్లకు అందులో ఒక గ్రూపు మూతపడిందని చెప్పడానికి మళ్లీ వచ్చాడు. మిగతావి అలాగే ఉన్నాయన్నాడు.

“హుండీ తెరిచిండ్రన్నట్టే,” అన్నాను. అనకుండా ఉండలేకపోయాను. ఆయన తల దించుకున్నాడు. బాగా అయింది అనుకున్నాను.

మొన్న ఆ తల్లి ఫోన్ చేసింది. ఇప్పుడు వేరే ఊరి చేలల్లో పనికి పోతోంది. పిల్ల బడికి బయలుదేరిందట. బస్సులో పక్క సీటువాడు ఫోను చూసుకుంటూ నవ్వేసరికి నడిమధ్యలో దిగి, ఇంటికి నడిచి వచ్చిందట.

“వాడు ఏం చూస్తుండెనో ఏమో. క్రికెట్టే కావచ్చు. దానికెట్ల తెలుస్తది? రేపు మల్ల పోత అంటున్నది. పొద్దుగాల పని ఇడిసి నేనూ ఎంబడి పోత.” ఆ తర్వాత అడిగింది: “ఇంక యాడన్న ఉన్నదా మేడం అది?”

“ఉండొచ్చు. కనబడ్డ కాడల్ల తీపిస్తం.”

“తీపియ్యండ్రి,” అని ఫోన్ పెట్టేసింది.